మానం ఎవరిది? – ‘కార్తీకదీపం’ ధారావాహికలో లైంగిక నిర్బంధ చిత్రణ, ద్వంద్వ ప్రమాణాలు

స్టార్ మా ఛానల్‌లో 2017 నుండి 2023 వరకు ప్రసారమైన ‘కార్తీకదీపం’ ధారావాహికలో ఒక పురుషుని శరీరాన్ని అతని ఎరుక లేకుండా, అంగీకారం లేకుండా వాడుకున్న ఘట్టం ఉంది. డాక్టర్ కార్తీక్ వీర్యకణాలతో మోనిత కృత్రిమ పద్ధతిలో గర్భం ధరిస్తుంది. మద్యం మత్తులో తానే హద్దు దాటానని అతడు నమ్మేటట్టు చేస్తుంది. నెలల తరబడి సాగిన ఈ కథాభాగంలో కుట్ర ఉంది, పశ్చాత్తాపం ఉంది, భార్య కన్నీరు ఉంది, అత్తగారి ఆగ్రహం ఉంది. లేనిది ఒక్కటే. జరిగినది కార్తీక్ శరీరం పట్ల జరిగిన అపరాధం అన్న స్పృహ కథనంలో ఎక్కడా నిలదొక్కుకోదు. ఇదే పని ఒక పురుషుడు ఒక స్త్రీకి చేసి ఉంటే కథకు మరో పేరు ఉండేది. ఈ ఖాళీ రచయితల ఏమరుపాటు వల్ల ఏర్పడినది కాదు. తెలుగు కథన సంప్రదాయం లైంగిక నిర్బంధాన్ని అంగీకారం దృష్టితో కాక మానం, వావి, వంశం అనే కొలమానాలతో తూచడం దీనికి మూలం. ఆ కొలమానాలే స్త్రీకొక తీర్పు, పురుషునికొక తీర్పు ఇస్తున్నాయన్నది ప్రస్తుత వ్యాస ప్రతిపాదన.

‘లైంగిక నిర్బంధం’ అన్న మాటను ఇక్కడ విస్తృతార్థంలో గ్రహించడమైనది. దేహబలంతో చేసేది మాత్రమే కాక మత్తు, మోసం, అధికారం, బంధుత్వపు ఒత్తిడి ఆధారంగా ఒకరి శరీరాన్ని వారి సమ్మతి లేకుండా వశం చేసుకోవడం కూడా ఇందులో చేరుతుంది.

పదజాలం చెప్పే సంగతి

ఈ విషయాన్ని పరిశీలించడానికి ముందుగా భాష వైపు చూడటం అవసరం. ‘బలాత్కారం’ అన్న సంస్కృత పదంలో లింగ నియమం లేదు. ‘అత్యాచారం’ ఆచారాన్ని అతిక్రమించడమే. అయినా ఈ రెండు మాటలూ వాడుకలో స్త్రీకి జరిగిన దానికే పరిమితమయ్యాయి. ‘మానభంగం’ చరిత్ర మరింత ఆసక్తికరం. కావ్యభాషలో మానం ప్రధానంగా పురుషుని సొత్తు. సుయోధనుడు మానధనుడు. మయసభలో భంగపడింది అతని మానమే. ఆధునిక వాడుకకు వచ్చేసరికి ఆ మానం పూర్తిగా స్త్రీ దేహానికి బదిలీ అయింది. బదిలీ అయిన తరువాత కూడా అది ఆమె సొంతం కాలేదు. ఇంటి మానం, కులం మానం, ఊరి మానం అనే పేర్లతో ఇతరుల ఆస్తిగానే నిలిచింది. పత్రికాభాషలో ఇటీవల స్థిరపడిన ‘లైంగిక దాడి’ ఈ బరువును కొంత దించింది గాని, ధారావాహికల సంభాషణల్లో దాని జాడ తక్కువ.

‘చెడు’, ‘చెరుచు’ అన్న దేశ్య జంట మరింత సూటిగా మాట్లాడుతుంది. ‘పిల్లను చెరిచాడు’ అన్న వాక్యం ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది. ‘పిల్లవాణ్ణి చెరిచింది’ అన్న వాక్యం వినగానే తప్పుగా తోస్తుంది. దాని స్థానంలో ‘చెడగొట్టింది’ వస్తుంది. అప్పుడు చెడినది దేహం కాదు, నడవడి. ‘చెడిపోయిన ఆడది’ అంటే లైంగికార్థం తప్ప మరొకటి స్ఫురించదు. ‘చెడిపోయిన మగవాడు’ తాగుబోతు కావచ్చు, జూదరి కావచ్చు, చెడుసావాసం పట్టినవాడు కావచ్చు. పురుషుడు చెడటంలో అతడే కర్త, స్త్రీ చెడటంలో ఆమె కర్మ. పురుషుడు కర్మగా ఉండే వాక్యం వాడుకలో లేనందున, అటువంటి అనుభవం కథలోకి వచ్చినప్పుడు దాన్ని చెప్పడానికి సంభాషణ రచయిత చేతిలో మాట ఉండదు.

అప్పుడు ‘తప్పు జరిగిపోయింది’ అన్న వాక్యం రంగం మీదికి వస్తుంది. బుల్లితెర కుటుంబ కథల్లో ఇంతగా అరిగిన వాక్యం మరొకటి ఉండదేమో. ఇందులో చేసినవారు లేరు, పడినవారు లేరు. ‘జరుగు’ అన్న అకర్మక క్రియ, దానికి తోడైన ‘పోవు’ కలిసి బాధ్యతను గాలిలో కలిపేస్తాయి. నిర్బంధించిన పురుషుని రక్షించడానికి ఈ వాక్యమే పనికివస్తుంది. నిర్బంధానికి గురైన పురుషుని చేత నేరం ఒప్పించడానికీ ఇదే పనికివస్తుంది.

సారంగధరుని వెనుక చరిత్ర

స్త్రీ పురుషుని నిర్బంధించే ఇతివృత్తం బుల్లితెర కల్పించినది కాదు. తెలుగులో దానికి ప్రసిద్ధ రూపం సారంగధర కథ. 15వ శతాబ్దపు గౌరన ‘నవనాథ చరిత్ర’ నుండి 17వ శతాబ్దంలో చేమకూర వేంకటకవి ‘సారంగధర చరిత్ర’ దాకా, ధర్మవరం రామకృష్ణమాచార్యుల ‘విషాద సారంగధర’ నాటకం నుండి 1957 నాటి చలనచిత్రం దాకా ఈ కథ నిరంతరంగా సాగింది. ఉత్తర తెలంగాణలో చిందు భాగవతుల యక్షగానాల్లోనూ సారంగధర ఉంది. లక్సెట్టిపేట, ధర్మపురి, మంచిర్యాల వంటి గోదావరి తీరపు ఊళ్లకు చిందు ఆట, చిరుతల రామాయణం పరాయివి కావు. రాత్రి ఏడున్నరకు దీప కష్టం చూడటానికి కూర్చున్న ఇల్లాలి ముందు తరం చిత్రాంగి ఆటను చూసిన తరమే. ఈ కొనసాగింపును విస్మరిస్తే ధారావాహిక కేవలం వ్యాపార సరుకుగా మాత్రమే కనిపిస్తుంది.

కథ తెలిసినదే. ఎగిరిపోయిన పావురం కోసం సారంగధరుడు సవతితల్లి చిత్రాంగి మేడకు వెళ్తాడు. ఆమె కోరుతుంది, అతడు నిరాకరిస్తాడు. ఆమె రాజుకు ఎదురు ఫిర్యాదు చేస్తుంది. రాజు విచారణ లేకుండా కొడుకు కాలుసేతులు నరికిస్తాడు. ఈ కథలో అంతగా చర్చకు రాని అంశం సారంగధరుని నిరాకరణకు ఉన్న ఆధారం. అతడు ‘నాకు ఇష్టం లేదు’ అనడు. ‘నీవు తల్లివి’ అంటాడు. నిరాకరణ వావి మీద నిలబడింది, ఇచ్ఛ మీద కాదు. భారతంలో ఊర్వశిని కాదన్న అర్జునుని వాదమూ ఇదే. వావి అడ్డురాకుంటే పురుషునికి నిరాకరించే అవసరమే ఉండదన్న భావన ఇందులో అంతర్లీనంగా ఉంది. స్త్రీ నిరాకరణకు పాతివ్రత్యం ఎలా ఆధారమైందో పురుషుని నిరాకరణకు వావి అలా ఆధారమైంది. రెండింటిలోనూ శరీరం ఎవరిదో వారి మాటకు స్వతంత్ర విలువ లేదు.

నాటక, చలనచిత్ర రూపాల్లో చిత్రాంగి పక్షాన ఒక ముఖ్య కల్పన చేరింది. రాకుమారుని చిత్తరువు చూపి, అతనికే ఇస్తున్నామని నమ్మించి, ఆమెను తండ్రికి కట్టబెట్టారు. అంటే మొదటి మోసం, మొదటి నిర్బంధం చిత్రాంగి మీద జరిగింది. భానుమతి నటించిన చిత్రాంగిలో ఈ గాయం ప్రేక్షకునికి తెలుస్తూనే ఉంటుంది. అయినా కథలో ఆ పెళ్లి నేరం కాదు, అది రాచకార్యం. ఆమె కోరిక మాత్రమే నేరం. పురుషుడు మోసంతో పొందితే వివాహం, స్త్రీ ఒత్తిడితో కోరితే కాముకత్వం అన్న ద్వంద్వ ప్రమాణం ఇంత స్పష్టంగా ఒకే కథలో పక్కపక్కన కనిపించడం అరుదు.

ఇద్దరు నిందితులు

‘కార్తీకదీపం’ మలయాళంలో ఏషియానెట్ ప్రసారం చేసిన ‘కరుత్తముత్తు’కు పునర్నిర్మాణం. కాపుగంటి రాజేంద్ర దర్శకత్వంలో తెలుగు ఇళ్లలో ఇది సాధించిన ఆదరణ అసాధారణం. ప్రేమి విశ్వనాథ్ పోషించిన దీప ‘వంటలక్క’గా, నిరుపమ్ పరిటాల పోషించిన కార్తీక్ ‘డాక్టర్ బాబు’గా ఇంటింటి మనుషులయ్యారు. నలుపు రంగు పట్ల వివక్ష దీని ప్రకటిత వస్తువు. దాని కింద నడిచే అసలు వస్తువు శీలపరీక్ష. ఈ పరీక్షకు నిలబడిన నిందితులు ఇద్దరు.

మొదటి నిందితురాలు దీప. మోనిత తారుమారు చేసిన వైద్య నివేదిక వల్ల తనకు పిల్లలు పుట్టరని కార్తీక్ నమ్ముతాడు. కాబట్టి గర్భవతి అయిన భార్య తప్పు చేసిందని తీర్మానిస్తాడు. ఆధారం ఒక కాగితం. శిక్ష ఏళ్ల తరబడి ఎడబాటు, వంటపనితో బతుకు, కవలల్లో ఒకరైన శౌర్యతో తండ్రిలేని ఇల్లు. ఆమె నోటిమాటకు సాక్ష్యపు విలువ లేదు. డీఎన్ఏ పరీక్ష అన్న ప్రస్తావన కథలో అగ్నిపరీక్ష స్థానంలో నిలుస్తుంది. ఆధునిక వైద్యుడైన కథానాయకుడు అనుమానించేటప్పుడు విజ్ఞానాన్ని నమ్ముతాడు, నివృత్తి చేసుకోవలసినప్పుడు మాత్రం అదే విజ్ఞానాన్ని వాయిదా వేస్తాడు. వాస్తవికత దృష్ట్యా ఇది హాస్యాస్పదం. భావజాలం దృష్ట్యా మాత్రం పూర్తిగా తర్కబద్ధం. అనుమానించే హక్కు అతనిది, నిరూపించే భారం ఆమెది.

రెండవ నిందితుడు కార్తీక్. ఆధారం మోనిత గర్భం. ఇక్కడ నిందను మోపినది నిర్బంధించిన వ్యక్తే. దాన్ని నమ్మినది నిర్బంధానికి గురైన వ్యక్తి. స్పృహలేని స్థితిలో ఉన్నవాడు సమ్మతి ఇవ్వలేడన్న ఆలోచన కార్తీక్‌కు గాని, అతని తల్లి సౌందర్యకు గాని, దీపకు గాని రాదు. మోనిత చెప్పినట్టే జరిగి ఉన్నా, ఆ రాత్రి మత్తులో ఉన్నది అతడు, స్పృహలో ఉన్నది ఆమె. ఈ రెండు స్థానాలను తారుమారు చేసి చూస్తే, స్పృహలో ఉన్న పురుషుడు మత్తులో ఉన్న స్త్రీ దగ్గర ఉన్నాడంటే, ప్రేక్షకులు మరొక ప్రశ్న అడగరు. ఇక్కడ మాత్రం అడిగిన ప్రశ్న ఒకటే: ‘దీపకు ఇంత అన్యాయం ఎలా చేశాడు?’ పీడితుని స్థానంలో అతని భార్య వచ్చి చేరింది. పురుషుని శరీరం మీద జరిగిన అపరాధం భార్య హక్కు మీద జరిగిన అపరాధంగా మారింది.

పురుషునికి అన్యాయం జరిగిందని చెప్పి ఆగిపోతే పరిశీలన సగంలో నిలిచినట్టే. ఇదే ఘట్టం కార్తీక్‌కు ఒక సౌకర్యాన్నీ ఇచ్చింది. దీప చేయని తప్పుకు ఏళ్ల తరబడి వెలివేతను అనుభవించింది. కార్తీక్ చేశానని తానే నమ్మిన తప్పుకు ఇల్లు కోల్పోలేదు, వృత్తి కోల్పోలేదు, ‘బాబు’ అన్న పిలుపు కోల్పోలేదు. అతడు జైలు పాలైనది మోనిత హత్య అనే కల్పిత నేరానికే. లైంగిక దోషం పురుషుని ఇంటిపేరును అంటుకోదన్న నమ్మకం వల్లనే అతనికి క్షమ సులభమైంది. అదే నమ్మకం వల్ల అతడు పీడితుడని గుర్తించడం అసాధ్యమైంది. క్షమ, గుర్తింపు లేమి ఒకే వేరు నుండి వచ్చిన రెండు కొమ్మలు. పురుషునికి చెడటానికి మానం లేదు గనుక అతనికి శిక్ష లేదు. అదే కారణంగా అతనికి గాయమూ లేదు.

అహల్య కథతో పోలిక ఇక్కడ ఉపకరిస్తుంది. ఇంద్రుడు మారువేషంలో వచ్చాడు. మోసంతో పొందిన సమ్మతి సమ్మతి అవుతుందా అన్న ప్రశ్నను రామాయణ సంప్రదాయాలు భిన్నంగా ఎదుర్కొన్నా, శిల అయినది అహల్యే అన్న రూపమే జనంలో నిలిచింది. కార్తీక్ నిలుచున్నది కథానిర్మాణ రీత్యా అహల్య స్థానంలో. కాని అతడు శిల కాలేదు. పురుషుడైన అహల్యకు శాపం వర్తించదు.

శోభాశెట్టి పోషించిన మోనిత పాత్రనూ ఈ కోణంలోనే చూడాలి. ఆమె చేసిన హత్యకు, కుట్రకు, మోసానికి కథలో నేరాలుగా పేర్లున్నాయి. కార్తీక్ శరీరాన్ని వాడుకోవడానికి మాత్రం నేరం పేరు లేదు. అది ‘పిచ్చి ప్రేమ’, ‘సిగ్గులేనితనం’, ‘ఆడదానివేనా’ అన్న కోవలో పడుతుంది. అంటే దండనకు గురయ్యేది ఆమె చేసిన నిర్బంధం కాదు, ఆమె కోరిక. శూర్పణఖ బలప్రయోగానికి ముందే, కోరిక పలికినందుకే పరిహాసానికి లోనైంది. వోల్గా ‘విముక్త’ సంపుటిలోని ‘సమాగమం’ కథ శూర్పణఖను సీతకు ఎదురుగా నిలిపి ఆ పరిహాసాన్ని తిరగతోడింది. అచ్చు సాహిత్యం చేరిన ఈ చోటికి బుల్లితెర ఇంకా రాలేదు. వచ్చి ఉంటే మోనితను ఆమె కోరికకు కాక ఆమె చేసిన పనికి బాధ్యురాలిని చేయగలిగేది. ఇప్పుడున్న చిత్రణ స్త్రీవాద దృష్టితో చూసినా, పురుషుని గాయం దృష్టితో చూసినా విఫలమే.

తాళి, నవ్వు

పురుషుడు నిర్బంధించినప్పుడు ధారావాహికల విధానం వేరు. బలవంతంగా తాళి కట్టడం తెలుగు బుల్లితెరకు అత్యంత ప్రీతిపాత్రమైన మలుపుల్లో ఒకటి. కోపంతో, పంతంతో, పగతో, ఒక్కోసారి పొరపాటున కథానాయకుడు మెడలో తాళి వేస్తాడు. ఆ క్షణం నుండి నాయిక నిరాకరణ అలకగా రూపుదాలుస్తుంది. వందల భాగాల తరువాత అది ప్రేమగా పండుతుంది. నిర్బంధానికి కాలవ్యవధి ఇచ్చి దాన్ని దాంపత్యంగా మార్చే యంత్రాంగం ఇది. ధారావాహికకు ఉన్న నిడివి ఇందుకు బాగా సహకరిస్తుంది. మూడు గంటల సినిమాలో అసహజంగా తోచేది మూడేళ్ల ప్రసారంలో అలవాటవుతుంది. స్త్రీ పాత్ర తానే పంతంతో పురుషుని చేత తాళి కట్టించుకున్న కథల్లో ఆమె సాధారణంగా ప్రతినాయికే. ఆ పెళ్లి చెల్లకుండా పోవడానికి కథ ఏదో ఒక మార్గం వెతుకుతుంది. ఒకే తాళి, ఒకే బలవంతం. ఎవరు బలవంతపెట్టారన్న దాన్ని బట్టి ఒకటి పవిత్రం, మరొకటి చెల్లనిది.

హాస్య కార్యక్రమాల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఈటీవీలో 2013లో మొదలైన ‘జబర్దస్త్’ తరహా స్కిట్లలో స్త్రీ వేషధారి అయిన నటుడు పురుష పాత్ర మీద పడటం నవ్వు పుట్టించే స్థిరమైన ఉపాయం. అక్కడ పురుషుని భయమే హాస్యం. వద్దన్న మాట పురుషుని నోటి నుండి వస్తే నవ్వు, స్త్రీ నోటి నుండి వస్తే బిడియం. రెండు చోట్లా ‘వద్దు’ అంటే వద్దు కాదు.

చట్టం, వార్త

ఈ తూకం కథలకే పరిమితం కాదు. భారతీయ శిక్షాస్మృతి 375వ సెక్షన్, దాని స్థానంలో 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ అత్యాచారంలో నేరస్థుడు పురుషుడు, బాధితురాలు స్త్రీ అనే నిర్వచిస్తాయి. 2013 ఫిబ్రవరి నాటి ఆర్డినెన్సు ఈ నిర్వచనాన్ని లింగభేదం లేకుండా మార్చింది. ఆ తరువాత పార్లమెంటు చేసిన సవరణ చట్టం పాత పద్ధతికే తిరిగి వచ్చింది. నిందితుని స్థానంలో స్త్రీని చేర్చితే ఫిర్యాదు చేసిన స్త్రీల మీద ఎదురు కేసులు పెడతారన్న మహిళా సంఘాల ఆందోళన నిరాధారం కాదు. దాన్ని తేలికగా కొట్టివేసే వాదాలు నిజాయితీ గలవి కావు. అయితే బాధితుల విషయం వేరు. నిందితుడు పురుషుడే అయినా బాధితులు ఎవరైనా కావచ్చునన్న జస్టిస్ వర్మ కమిటీ సూచన ఆచరణకు రాలేదు. కొత్త సంహితలో 377వ సెక్షన్‌కు సమానమైన నిబంధన లేకపోవడంతో వయోజన పురుషునికి అంతకుముందున్న కొద్దిపాటి రక్షణ కూడా పోయింది. ఇదే చట్టం భార్య విషయంలో భర్తకు మినహాయింపును కొనసాగించింది. తాళి పడిన తరువాత నిరాకరణకు విలువ లేదన్న ధారావాహిక తర్కం, ఈ మినహాయింపు తర్కం వేరువేరు కావు. టెలివిజన్ కార్యక్రమాల నియమావళి స్త్రీ రూపాన్ని కించపరచరాదంటుంది. అది రూపాన్ని, గౌరవాన్ని కాపాడే భాష. అంగీకారం ఆ భాషలో లేదు.

మానం అన్న కొలమానం స్త్రీ పురుషుల మధ్యనే గాక స్త్రీల మధ్య కూడా తేడా చూపుతుందనడానికి ఉత్తర తెలంగాణ నుండే ఒక ఉదాహరణ ఉంది. 2019 నవంబరు 24న కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో, ఊరూరా తిరిగి సరుకులు అమ్ముకునే ఒక దళిత మహిళపై సామూహిక అత్యాచారం, హత్య జరిగాయి. మూడు రోజుల తరువాత హైదరాబాదు శివార్లలో పశువైద్యురాలిపై జరిగిన ఘోరాన్ని వార్తా ఛానళ్లు రాత్రింబవళ్లు చూపాయి. సమత అన్న పేరుతో గుర్తించిన మొదటి మహిళకు, దిశ అన్న పేరుతో గుర్తించిన రెండవ మహిళకు తెరమీద దక్కిన కాలంలో ఉన్న తేడాను ఆనాడే పలువురు ఎత్తిచూపారు. సమత కేసులో 2020 జనవరి 30న ఆదిలాబాద్ ప్రత్యేక న్యాయస్థానం ముగ్గురికి మరణశిక్ష విధించింది. విచారణ ద్వారా వచ్చిన ఆ తీర్పు కన్నా, విచారణే లేని డిసెంబరు 6 నాటి ఎన్‌కౌంటర్‌కే తెర సంబరం చేసింది. చిత్రాంగి ఫిర్యాదు విని విచారణ లేకుండా శిక్షించిన రాజును నాటకం తప్పుపట్టింది. వార్తా ఛానల్‌కు ఆ పాటి సంశయం కూడా కలగలేదు.

ధారావాహిక రచయితలకు మార్కెట్ ఒత్తిళ్లు ఉన్నాయని, వారంవారం వచ్చే రేటింగులు కథను నడుపుతాయని సమర్థన వినిపిస్తుంది. అది నిజమే. కాని ‘కార్తీకదీపం’ తన ప్రేక్షకులను నల్లని నాయికకు అలవాటు చేయగలిగింది. అందం గురించి పాతుకుపోయిన నమ్మకాన్ని కదిలించడానికి రేటింగులు అడ్డురాలేదు. కార్తీక్ నిజం తెలుసుకున్న రోజున అతని చేత ‘నేను తప్పు చేయలేదు’ అనిపించడానికి బదులు ‘నా ఒప్పుకోలు ఎవరూ అడగలేదు’ అనిపించడానికి ఒక్క సంభాషణ చాలు. మొదటి వాక్యం అతనికి శీలాన్ని తిరిగి ఇస్తుంది. రెండవ వాక్యం పలికి ఉంటే, ఏళ్ల క్రితం తన మాట ఎవరూ అడగకుండానే ఇల్లు దాటిన దీప కూడా అదే వాక్యాన్ని అతని ముందు పలకవలసి వచ్చేది. కథ ఆ సన్నివేశాన్ని రాయలేదు.